ప్రథమ స్థానం లేని పందెం

శ్రీమద్భగవద్గీతలో అర్జునుడు అడిగిన ప్రశ్నలు పెక్కు. స్థితప్రజ్ఞుని లక్షణాలను గూర్చిన ప్రశ్న ప్రసిద్ధం. విశ్వరూపాన్ని చూపుమన్న ప్రార్థన అంతకన్నా ప్రసిద్ధం. కాని సామాన్య సాధకుని హృదయానికి అత్యంత సన్నిహితమైన ప్రశ్న ఆరవ అధ్యాయం చివరిభాగంలో ఉన్నది. శ్రద్ధతో బయలుదేరి, నడుమ ప్రయత్నం సడలి, గమ్యాన్ని చేరలేకపోయినవాని గతి ఏమిటి? ఇటు లోకసుఖాన్ని వదలుకొని, అటు యోగసిద్ధిని పొందక, ఉభయభ్రష్టుడై నశించిపోతాడా? జయించినవానిని గూర్చి లోకమంతా అడుగుతుంది. చేరలేకపోయినవానిని గూర్చి అడిగే కరుణ అర్జునునికి కలిగింది.

తిరుమలగిరికి చెందిన ఒక గృహస్థుడు ఈ శ్లోకాలను ఎన్నోమార్లు పారాయణ చేసినవాడే. అయినా అవి తనకోసమే చెప్పబడినవని ఆయనకు స్ఫురించినది ఒక శీతకాలపు అర్ధరాత్రి, హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి అంచున, గాలి పోయిన సైకిలు చక్రం ముందు కూర్చొని ఉన్నప్పుడు.

పోటీ కాని పోటీ

ఆయన వృత్తిచేత ఉపాధ్యాయుడు. వయస్సు యాభైకి చేరువ. గంటకు ఇంత అని అద్దె చెల్లించి తెచ్చుకొన్న పెద్ద సైకిలుపై, సీటు అందక, చట్రం నడుమ నుండి కాలు దూర్చి తొక్కడం నేర్చుకొన్న తరం ఆయనది. బడిలో పంద్రాగస్టుకు జరిగే నిదానపు సైకిలు పందెంలో ఒకసారి స్టీలు గ్లాసు గెలుచుకొన్నాడు. ఆ పందెంలో అందరికన్నా వెనుక వచ్చినవాడే విజేత. కాలు నేలకు తగిలినవాడు పరాజితుడు. తొందరను జయించడమే అక్కడి విద్య. ఆ విద్యను ఆయన నలభై ఏళ్ల తరువాత మరచిపోవడమే ఈ వృత్తాంతం.

రక్తంలో చక్కెర పెరుగుతున్నదని వైద్యుడు హెచ్చరించిన నాటి నుండి ఆయన మరల సైకిలు పట్టాడు. సూర్యాపేట–జనగామ రహదారిపై ప్రాతఃకాలంలో అర్వపల్లి వైపు వెళ్లి, యోగానంద లక్ష్మీనరసింహస్వామి వెలసిన దిక్కుకు దారి మీది నుండే నమస్కరించి, బడివేళకు ఇల్లు చేరేవాడు. క్రమంగా దూరం పెరిగింది. అప్పుడు ఒక మిత్రుని ద్వారా రాండోనర్ల సంప్రదాయాన్ని గూర్చి తెలిసింది.

ఈ సంప్రదాయం ఫ్రాన్సులో జన్మించింది. 1891లో పారిస్ నుండి బ్రెస్ట్ నగరానికి వెళ్లి తిరిగి పారిస్ చేరే మహాపందెం తొలిసారి జరిగింది. కాలక్రమంలో అది వృత్తిక్రీడాకారుల పందెంగా కాక, సామాన్యుల ఓర్పుకు పరీక్షగా పరిణమించింది. నేడది నాలుగేళ్లకొకసారి జరుగుతుంది. సుమారు 1200 కిలోమీటర్లు, గరిష్ఠంగా 90 గంటలు. 2019లోను, 2023లోను అందులో భారతీయులు పెద్దసంఖ్యలో పాల్గొన్నారు. దానికి సోపానాలుగా 200, 300, 400, 600 కిలోమీటర్ల యాత్రలు ఉంటాయి. వీటిని బ్రెవేలంటారు. హైదరాబాదులోను ఇటువంటి యాత్రలు నిర్వహించే సంఘం ఉన్నది.

నియమాలు స్వల్పమైనా కఠినమైనవి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300 కు 20 గంటలు గడువు. మార్గమధ్యంలో తనిఖీ కేంద్రాలు ఉంటాయి. కార్డుపై కాలం వ్రాయించుకోవాలి. మనుష్యులెవరూ లేని కేంద్రమైతే సమీపంలోని ఏటీఎం నుండి తీసిన రసీదునైనా సాక్ష్యంగా చూపవలసి ఉంటుంది. ప్రతి కేంద్రానికి మూసే సమయమే కాక తెరిచే సమయం కూడా ఉన్నది. మితిమీరిన వేగంతో ముందే వచ్చినవాడు వేచి ఉండవలసిందే. వెంట సహాయవాహనం రాకూడదు. చక్రం చెడితే తానే బాగుచేసుకోవాలి. అన్నిటికన్నా విశేషమైన నియమం మరొకటి ఉన్నది: ఇందులో ప్రథమ, ద్వితీయ స్థానాలు లేవు. తొమ్మిది గంటలలో చేరినవానికి, పదమూడు గంటలలో చేరినవానికి లభించే గుర్తింపు ఒక్కటే.

ఈ చివరి నియమమే ఆయనను ఆకర్షించింది. ఫలాపేక్ష లేని కర్మకు ఇంతకన్నా అనుకూలమైన క్షేత్రం ఏముంటుందని భావించాడు. ఒక 200 కిలోమీటర్ల యాత్రను సుఖంగా ముగించి, 300 కు సిద్ధపడ్డాడు. బయలుదేరే ముందురోజు ఆయన కుమార్తె అడిగింది:

"బాపూ, ఫస్ట్ వస్తవా?"

"దాంట్ల ఫస్టు, సెకండు ఉండయి బిడ్డా."

"మరి ఎందుకు పోతున్నవ్?"

ఆయన నవ్వి ఊరకున్నాడు. సమాధానం తనకు తెలుసునని అనుకొన్నాడు.

అహంకారం నిర్మించుకొన్న పందెం

నగరపు తూర్పు అంచున తెల్లవారుజామున 5 గంటలకు యాత్ర ఆరంభమైంది. సూర్యాపేట దాటి, మునగాల వైపు 150వ కిలోమీటరు వరకు వెళ్లి, అదే దారిన తిరిగి రావాలి. రాత్రి 1 గంటకు గడువు ముగుస్తుంది. చౌటుప్పల్ చేరేవరకు ఆయన తన నడకనే నడిచాడు. అక్కడ వెనుక నుండి ఒక యువకుడు, పక్షివలె తేలికైన సైకిలుపై, "సైడ్ అంకుల్" అంటూ దాటిపోయాడు.

ఆ పలుకులో దోషమేమీ లేదు. రహదారిపై దాటిపోయేవాడు హెచ్చరించడం మర్యాదే. కాని ఆ "అంకుల్" అన్న మాట ఎక్కడో గుచ్చుకొన్నది. ఆయన పాదాలు తమంతట తామే వేగం పెంచాయి. చిట్యాల, నార్కెట్‌పల్లి, నకిరేకల్ వరుసగా వెనుకకు జరిగాయి. ముందున్నవాని వెన్నంటి పోతే గాలి తాకిడి తగ్గుతుంది. కొంతసేపు ఆ నీడలో సాగాడు. అంతటితో తృప్తి కలుగక, తానే ముందుకు వచ్చాడు. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. ముందున్నవాడు ఆ మూల్యాన్ని తన కండరాలతోనే చెల్లించాలి. అరగంటకొకసారి ఏదైనా తినవలెనన్న నియమాన్ని మరచిపోయాడు. ఎదుట ఉదయించిన సూర్యునికి మనస్సులోనైనా అర్ఘ్యమివ్వడం మరచిపోయాడు.

కఠోపనిషత్తు శరీరాన్ని రథంగా, ఇంద్రియాలను గుర్రాలుగా, మనస్సును పగ్గాలుగా, బుద్ధిని సారథిగా వర్ణించింది. ఆ ఉదయం ఆయన రథంలో సారథి నిద్రించాడు. పగ్గాలను గుర్రాలే పట్టుకొన్నాయి.

మునగాల వైపున్న మలుపు కేంద్రాన్ని పదకొండున్నరకు చేరాడు. ఆ యువకుడు అయిదు నిమిషాల తరువాత వచ్చాడు. అది చూచి ఆయనకు కలిగిన సంతోషం చిన్నది కాదు. ఎవరూ ఏర్పాటు చేయని పందెంలో, ఎవరూ ఇవ్వని బహుమానాన్ని ఆయన స్వీకరించాడు. యువకుడు తీరికగా కూర్చొని భోజనం చేస్తుంటే, ఆ ఆధిక్యాన్ని కోల్పోరాదని, రెండు బిస్కట్లు తిని తాను వెంటనే బయలుదేరాడు.

ఫలత్యాగం నియమావళిలో వ్రాసినంత మాత్రాన సిద్ధించదు. నిర్వాహకులు ప్రథమ స్థానాన్ని తొలగించగలరు. ప్రథముడను కావలెనన్న వాసనను తొలగించలేరు. బహుమానం లేనిచోట అహంకారం బహుమానాన్ని కల్పించుకొంటుంది. ప్రత్యర్థి లేనిచోట ప్రత్యర్థిని సృష్టించుకొంటుంది. మందాంధకారంలో రజ్జువుపై సర్పం ఆరోపింపబడినట్లే, తన దారిన తాను పోతున్న ఒక బాలునిపై శత్రుత్వం ఆరోపింపబడింది.

మూసీ వంతెన దాటిన కొద్దిసేపటికి, సుమారు 190వ కిలోమీటరు వద్ద, శరీరం ఒక్కసారిగా మాట వినడం మానివేసింది. కండరాలలోను, కాలేయంలోను నిలువ ఉండే గ్లైకోజెన్ అనే శక్తి తరిగిపోతే జరిగేది ఇదే. చేతులు వణికాయి, కళ్ల ముందు దారి మసకబారింది. రహదారి పక్కన ఉన్న వేపచెట్టు నీడలో నేలపైనే పడుకొన్నాడు. తిన్న బిస్కట్లు వాంతి అయ్యాయి. అతిగా తినేవానికి గాని, ఏమీ తిననివానికి గాని యోగం సిద్ధించదని గీత ఆరవ అధ్యాయమే చెప్పింది. పుస్తకంలో చదివినప్పుడు అది ఆహారనియమంగా తోచింది. వేపచెట్టు కింద అది ప్రాణసూత్రంగా బోధపడింది.

సుమారు గంట తరువాత ఆ యువకుడే అటు వచ్చాడు, చూచి ఆగాడు. "ఏమైంది అంకుల్?" అంటూ తన సీసాలోని నీటిలో ఓఆర్ఎస్ పొట్లం కలిపి త్రాగించాడు. తన సంచిలోని రెండు అరటిపండ్లు ఇచ్చాడు. ఆయన తేరుకొనేవరకు, దాదాపు నలభై నిమిషాలు కూర్చొన్నాడు. ఆ కాలం తన గడువులో నుండి పోతున్నదని అతనికి తెలుసు. "పొద్దున మీరు భలే తొక్కిన్రు" అని మెచ్చుకొన్నాడు కూడా. పోటీ జరిగినట్లే అతనికి తెలియదు. దీపం తెచ్చి చూస్తే సర్పం ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, అది అక్కడ ఎన్నడూ లేదు.

"ఎవలు సూస్తరు?"

యువకుడు వెళ్లిన తరువాత ఆయన సాయంకాలం 5 గంటల వరకు అక్కడే ఉండి, కొంచెం పెరుగన్నం తిని, దీపాలు వెలిగించుకొని కదిలాడు. మిగిలిన దూరం 110 కిలోమీటర్లు, మిగిలిన కాలం 8 గంటలు. ఆరోగ్యంగా ఉన్నవానికి అది చాలిన కాలమే. కాని శక్తి ఉడిగిన శరీరం గంటకు పదహారు కిలోమీటర్లు మించి సాగలేదు. అటుపై లారీ టైర్లు పగిలినప్పుడు రహదారి అంచున రాలే సన్నని ఉక్కుతీగలు రెండుమార్లు ట్యూబును గుచ్చాయి. చౌటుప్పల్ దాటిన తరువాత, రాత్రి పదకొండున్నరకు, మూడవసారి గాలి పోయింది. గమ్యం ఇంకా 27 కిలోమీటర్లు. గడువు గంటన్నర.

దీపపు వెలుగులో ట్యూబుకు అతుకు వేసుకొంటుండగా, కూరగాయల మూటలతో నగరానికి పోతున్న ఒక ట్రాలీ ఆటో ఆగింది. డ్రైవరు ఊరు, పేరు అడిగాడు. తిరుమలగిరి అనగానే అతని ముఖం వికసించింది.

"మాది తుంగతుర్తి దిక్కు సారూ. బండి ఎక్కుండ్రి, సైకిల్ ఎన్క ఏసుకుందాం. ఇరువై కిలోమీటర్లు అవతల దింపుత. గీ రాత్రి ఎవలు సూస్తరు?"

అది ప్రలోభం కాదు, ప్రేమ. తన ప్రాంతపు మనిషి కష్టంలో ఉన్నాడని ఆగిన హృదయమది. ఇక గమ్యం వరకు తనిఖీ కేంద్రం లేదు. ఏడు కిలోమీటర్లు తొక్కితే చాలు, గడువులోపల చేరవచ్చు. "ఎక్కుదాం" అన్న సంకల్పం ఆయనలో స్పష్టంగా లేచింది. పాదం ఒక అడుగు ముందుకు పడింది కూడా. ఆగి, "వద్దన్నా. నువ్వు పో, పైలం" అన్నాడు. ఎందుకన్నాడో ఆ క్షణంలో ఆయనకే తెలియదు.

ఆటో వెళ్లిపోయింది. ప్రశ్న మిగిలింది. ఎవరు చూస్తారు?

ఉపనిషత్తులు విచారించినది ఈ ప్రశ్ననే. చేతులు వణుకుతున్నాయి, ఆ వణుకు తెలియబడుతున్నది. మనస్సు విసిగి ఉన్నది. ఆ విసుగూ తెలియబడుతున్నది. "ఎక్కుదాం" అన్న తలంపు లేచినప్పుడు దానిని చూచినది ఏది? "వద్దు" అన్న తలంపు లేచినప్పుడు దానినీ చూచినది ఏది? రెండింటినీ సమానంగా చూచిన ఆ ఎరుక ఎక్కదలచలేదు, వద్దనదలచలేదు. ముండకోపనిషత్తు ఒకే వృక్షంపై ఉన్న రెండు పక్షులను గూర్చి చెప్పింది. ఒకటి ఫలాన్ని తింటుంది. రెండవది తినక చూస్తుంటుంది. గీత పదమూడవ అధ్యాయంలో పరమపురుషునికి ఉపద్రష్ట అన్న పేరు ఉన్నది. శంకరభగవత్పాదులు దానిని యజ్ఞదృష్టాంతంతో వివరించారు: ఋత్విక్కులు, యజమాని కర్మలో మునిగి ఉండగా, తాను ఏ పనీ చేయక సమీపంలో కూర్చొని, వారి గుణదోషాలను గమనించే యజ్ఞవిద్యానిపుణుని వంటివాడు ఆ సాక్షి. ఉదయం చౌటుప్పల్ వద్ద అహంకారం పరుగెత్తినప్పుడు కూడా ఆ సాక్షి అక్కడనే ఉన్నాడు. అప్పుడు ఎవరూ అటు తిరిగి చూడలేదు, అంతే.

ఈ స్ఫురణ దీర్ఘకాలం నిలువలేదు. కొన్ని నిమిషాలలో మోకాలి నొప్పి దానిని కప్పివేసింది. ఆయన జ్ఞాని కాలేదు. అలసిన ఒక మనిషి సైకిలు ఎక్కి తొక్కసాగాడు. రాత్రి 1 గంట 27 నిమిషాలకు గమ్యం చేరాడు. స్వచ్ఛంద సేవకుడొకడు సామగ్రి సర్దుకొంటూ ఇంకా అక్కడే ఉన్నాడు. కార్డుపై సమయం ఉన్నదున్నట్లు వ్రాసి, ఫ్లాస్కులో మిగిలిన టీ పోసి ఇచ్చాడు. 300 కిలోమీటర్లూ పూర్తయ్యాయి. యాత్రకు గుర్తింపు మాత్రం రాదు.

మరొక ద్వారం

కథ ఇక్కడ ముగిస్తే అందంగానే ఉంటుంది: ఓడినా సత్యాన్ని విడువని సాధకుడు! కాని సాధనలో ఇటువంటి చక్కని ముగింపులను అనుమానించడం మేలు.

సోమవారం బడిలో సహోపాధ్యాయులు అడిగితే ఆయన ఆటో వృత్తాంతం చెప్పాడు. విన్నవారు అభినందించారు. మంగళవారం మరొకరికి చెప్పాడు. బంధువుల ఇంట శుభకార్యంలో మరల చెప్పాడు. మూడవసారి చెప్పేటప్పటికి డ్రైవరు ఎక్కించుకొంటానన్న ఇరవై కిలోమీటర్లు ఇరవై అయిదు అయ్యాయి. "ఎక్కుదాం" అన్న సంకల్పం, ముందుకు పడిన అడుగు కథలో నుండి మాయమయ్యాయి. ఆ రాత్రి పూజ ముగించి కూర్చొన్నప్పుడు ఆయనకు మరొక విషయం కనబడింది: ఏ ఒక్కసారి కూడా ఆ యువకుని ప్రస్తావన రాలేదు. నీరు త్రాగించి, నలభై నిమిషాలు ధారపోసిన చేతులు కథలో లేవు. ఉన్నది కథానాయకుడొక్కడే.

ఉదయం వాకిలి నుండి వచ్చిన అహంకారమే ఈసారి పెరటి ద్వారం నుండి వచ్చింది. వేగంలో దొరకని బహుమానాన్ని నిజాయితీలో వెదకుకొన్నది. రజస్తమస్సులే కాక సత్త్వం కూడా బంధిస్తుందని, సుఖసంగంతోను జ్ఞానసంగంతోను కట్టివేస్తుందని పదునాలుగవ అధ్యాయం హెచ్చరించినది ఇందుకే. ఇనుప సంకెల అయినా, బంగారు సంకెల అయినా కట్టు కట్టే.

పదునెనిమిదవ అధ్యాయం ప్రతి కర్మకు అయిదు కారణాలను చెప్పింది: అధిష్ఠానమైన దేహం, కర్త, కరణాలు, వివిధ చేష్టలు, అయిదవది దైవం. ఆనాటి యాత్రను ఆయన ఈ అయిదింటిలో పరచి చూచుకొన్నాడు. దేహం తన శక్తికొలది శ్రమించింది. చేష్టలలో తొందర తప్పు. ఉక్కుతీగలు దైవం. వేపచెట్టు, పెరుగన్నం, ఆ యువకుని అరటిపండ్లు కూడా దైవమే. వీటన్నిటి నడుమ "నేనొక్కడనే చేశాను" అనగలిగిన భాగం ఎంతో వెదికితే, చేతికి ఏమీ చిక్కలేదు. ఆటో ఎక్కనన్న మాట కూడా ఎవరు పలికించారో తెలియని మాటే.

మరునాడు బడిలో కథను మొదటి నుండి మరల చెప్పాడు. ఈసారి అది కొంచెం పొడవైనది, అభినందనలు కొంచెం తక్కువైనవి.

యోగభ్రష్టుని గతి

అర్జునుని ప్రశ్నకు భగవానుడిచ్చిన సమాధానంలో ఒక సూక్ష్మమున్నది. "నీవు తప్పక గెలుస్తావు" అని ఆయన అనలేదు. మంచి పనిచేసినవాడెవ్వడూ దుర్గతి పాలుకాడని అన్నాడు. ప్రయత్నం ఎక్కడ ఆగిందో అక్కడి నుండే మరల మొదలవుతుందని, పూర్వాభ్యాసమే సాధకుని ముందుకు లాగుతుందని చెప్పాడు. ఆ మాటలు జన్మాంతరాలను ఉద్దేశించినవి. అయినా ఒక జన్మలోనే ఎన్ని మరణాలు, ఎన్ని పునఃప్రారంభాలు! ప్రతి ఓటమి ఒక చిన్న మరణం. ప్రతి ఉదయం ఒక చిన్న జన్మ.

గడువు దాటిన కార్డుకు విలువ లేదు. అయినా 190వ కిలోమీటరు వద్ద కలిగిన తెలివి, రాత్రి పదకొండున్నరకు వినబడిన ప్రశ్న, మూడవ కథనంలో పట్టుబడిన అసత్యం ఏ లెక్కలో నుండి కొట్టివేయబడతాయి? ఈ మార్గంలో ఆరంభించినదానికి నాశం లేదని రెండవ అధ్యాయం ఇచ్చిన అభయం ఇటువంటి లెక్కను గూర్చినదే.

ఆదివారం ఉదయం ఆయన సైకిలు గొలుసుకు నూనె వేస్తుండగా కుమార్తె వచ్చి పక్కన కూర్చొన్నది.

"బాపూ, మొన్న నీది అయిపోలేదట గద?"

"కాలే బిడ్డా. లేటైంది."

"మరి మల్ల పోతవా?"

"పోత."

"ఎందుకు?"

ఈసారి ఆయన నవ్వలేదు. తెలిసినట్లు నటించనూ లేదు. చక్రాన్ని ఒకసారి త్రిప్పి వదిలాడు. ఆకులన్నీ కలిసి కనబడకుండా పోయాయి. నడుమ ఇరుసు మాత్రం కదలక నిలిచి ఉన్నది. ఆ పిల్ల దానినే చూస్తూ కూర్చొన్నది. ఆయన నూనెగుడ్డను మడిచి పక్కన పెట్టి, అర్వపల్లి వైపు బయలుదేరాడు, నిదానంగా.

స్వస్తి.